డబ్బా మీద పేరు

ఆదిలక్ష్మికి కాపురానికొచ్చిన కొత్తలో పుట్టిన సందేహం ఒకటి ఇప్పటికీ తీరలేదు.

గుడిలో ట్యూబులైటు మీద దాత పేరు. గంట మీద దాత పేరు. ప్రదక్షిణాలు చేసి అలసిపోయి కూర్చుంటే వీపుకు తగిలే సిమెంటు బెంచీ మీదా దాత పేరే. ఆమె రోజూ దీపం పెట్టే మనిషి, శనివారం ఒంటిపూట ఉండే మనిషి. దేవుడంటే గురి. అయినా అనిపించేది: స్వామి పుణ్యం పంచేటప్పుడు పేరు చదివి పంచుతాడా, చెయ్యి చూసి పంచుతాడా? ట్యూబులైటు కొన్నాయనకెంత, దాని దుమ్ము తుడిచే ఆమెకెంత? ఈ మాట ఒకసారి అత్తగారిని అడిగింది. "నీకు పని తక్కువైనట్టుండాది. ఆ చింతపండులో గింజలు తీయిపో," అందావిడ. ఆదిలక్ష్మి గింజలు తీసింది. సందేహం మాత్రం లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ సందేహమే ఒక స్టీలు డబ్బా అయి, గుంతకల్లు స్టేషన్లో ఒక పరదేశి ఆడమనిషి చేతిసంచీలో కూర్చుని ఉంది.

పోయిన వారం మనం ఉరవకొండలో, శేషయ్య కిరాణా అంగడి గల్లాపెట్టె ముందు ఆగాం. స్పెయిన్ దేశం నుంచి వచ్చిన ఇనేస్ ఆ గల్లాపెట్టె మీద డబ్బా పెట్టి చేతులు జోడించింది. ముప్పై ఏండ్ల కిందట ఆమె నాయన చెరువు కట్టల పని చూడటానికి ఈ జిల్లాకు వచ్చాడు. ఎండాకాలం ప్యాసింజరు రైల్లో వడదెబ్బ తగిలి పడిపోతే, ఎవరో ఆడమనిషి తన డబ్బాలోని మజ్జిగన్నం తినిపించింది. మిగిలింది తర్వాత తినమని డబ్బాతో సహా ఆయన చేతిలో పెట్టి దిగిపోయింది. ఆ డబ్బా ఎప్పటికైనా ఆమెకు చేరాలని ఆయన పోయేముందు బిడ్డతో చెప్పాడట. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలను గుంతకల్లులో టీ అంగడాయన చదివిపెట్టాడు: క. సుబ్బరత్నమ్మ, ఉరవకొండ.

సుబ్బరత్నమ్మ అంటే శేషయ్య తల్లి. కాలం చేసి కొన్నేండ్లయింది. శేషయ్య ఆ మూతను కండ్లకద్దుకొని చిన్నపిల్లోడిలా ఏడ్చాడు. మరుసటి రోజే అనంతపురంలో, తమ సంఘం హాల్లో సభ పెట్టించాడు. ఇనేస్ అందరి ముందు డబ్బాను శేషయ్య చేతికివ్వాలి, పేపరువాళ్ళు ఫోటో తీయాలి.

ఆ సభకే ఇప్పుడు నలుగురూ బయలుదేరారు. శేషయ్య, ఆదిలక్ష్మి, ఇనేస్, మాటలు తిప్పి చెప్పడానికి ఆదిలక్ష్మి మేనకోడలు నిఖిత.

"బస్సెక్కితే నేరుగా అనంతపురంలో దిగుతాం గదమ్మా. రైలంటే గుంతకల్లు దాకా చుట్టు తిరిగి పోవల్ల," అని శేషయ్య ఎంత మొత్తుకున్నా ఇనేస్ వినలేదు. నాయన పడిపోయింది రైల్లో, నాయనకు ఎవరో అన్నం పెట్టింది రైల్లో. ఆ దారినే పోవాలంది.

ప్యాసింజరు వచ్చి ఆగింది. జనమంతా తోసుకొని ఎక్కుతుంటే ఇనేస్ మాత్రం పెట్టె బయట నిలబడి, తలుపు పక్కన చేత్తో తడుముతోంది.

"ఏం వెతుకుతాండాది?" అన్నాడు శేషయ్య.

"వాళ్ళ ఊరి రైళ్ళలో బొత్తాం నొక్కితేనే తలుపు తెరుచుకుంటాదంట మామా. ఆ బొత్తాం యాడుండాదని."

"ఈడ తలుపు మూసిందెప్పుడని తెరవనీకి? ఎక్కమను, ఎక్కమను!"

ఎక్కాక టికెట్టు రెండువైపులా తిప్పి చూసింది. సీటు నంబరు లేదు. కిటికీ పక్క ఖాళీ సీటు మీద ఒక ఎర్ర తువ్వాల పరిచి ఉంది. ఎవరో మర్చిపోయి దిగారనుకుంది పాపం. గబుక్కున తువ్వాల తీసుకొని, ప్లాట్‌ఫారం మీదికి దూకి, కనిపించిన ప్రతి మగమనిషికీ "మీదా?" అన్నట్టు చూపిస్తూ పోయింది. టీ తాగుతున్న ఓబుళేసు అనే ఆయన అది చూసి, గ్లాసు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా తల్లీ! మర్చిపోయింది గాదమ్మా అది! సీటుకు ఏసి పోయినా!"

ఆయన లోపలికొచ్చేసరికి ఆ సీట్లో ఒక ముసలామె, రామక్క, శెనక్కాయల మూటతో సహా స్థిరపడి ఉంది.

"నా సీటు లేయక్కా," అన్నాడు ఓబుళేసు.

"యాడుండాదప్పా నీ తువ్వాల? నీ మెడలో ఉండాది. తువ్వాల యాడుంటే ఆడే నీ సీటు, మెడ మీదే కూసో," అంది రామక్క.

పెట్టె పెట్టెంతా నవ్వింది. నిఖిత సంగతి వివరించగానే ఇనేస్ రెండు చేతులూ చెంపల మీద పెట్టుకొని, ఓబుళేసుకు వంగి వంగి దండం పెట్టింది. "పోనీలేమ్మా, నాకు పామిడి దాకానే," అని ఆయన నిలబడిపోయాడు.

"జరుగండప్పా, జరుగండి. ముగ్గురు కూసునే తావులో ఐదుమంది పడతారు. రామ్మా తల్లీ, ఈడికి రా," అని రామక్క ఇనేస్ చెయ్యి పట్టి లాగి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ఇనేస్ ముడుచుకొని, రామక్క భుజం తగలకుండా ఒదిగి కూర్చుంది. వాళ్ళ దేశంలో పక్క మనిషికి చెయ్యి తగిలితే క్షమించమంటారని నిఖిత చెప్పింది.

"ఈడ తగలకుండా కూసుంటే రైలు నిండదు, తగలమను," అంది రామక్క.

రైలు కదిలింది. శేషయ్య రామక్కకు తన అంగడి సంగతి, తల్లి డబ్బా కథ అంతా చెప్పుకొచ్చాడు. ఆ ఏడు వానలు వేళకు పడ్డాయి. ఎర్రనేలంతా శెనక్కాయ చెట్టు పచ్చగా పరుచుకొని, దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. ఇనేస్ కిటికీ కమ్మీలకు ముఖం ఆనించి చూస్తోంది. స్టేషన్ వచ్చినప్పుడల్లా ఎవరూ ఏమీ ప్రకటించకపోతే దిగేవాళ్ళకు ఎట్లా తెలుస్తుందని అడిగింది. "మనుషులుంటే చాలు గదా, చెప్తారు. బట్టల మూటలెక్కినాయంటే పామిడి అనుకో," అంది రామక్క. ఆమె చెప్పినట్టే పామిడిలో ఓబుళేసు దిగాడు, బట్టల మూటలెక్కాయి. ఇనేస్ చప్పట్లు కొట్టింది.

ఆదిలక్ష్మి నవ్వలేకపోయింది. ఆమె కండ్లు డబ్బా ఉన్న సంచీ మీదే ఉన్నాయి.

సుబ్బరత్నమ్మ మడి మనిషి. రైలెక్కితే ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబులో నీళ్ళు తప్ప గొంతు తడుపుకునేది కాదు. ఆవిడ ముద్ద కలిపి పరాయి మగవాడి నోటికి అందించిందంటే, పూజగదిలో కూర్చుని ఎంత నమ్మాలని చూసినా ఆదిలక్ష్మికి నమ్మకం కుదరలేదు. పైగా ఆ డబ్బాను తను ఎరుగును. ఆడబిడ్డ పెండ్లిలో అత్తగారు అట్లాంటివి చాలా చేయించింది, అన్నిటి మీదా తన పేరు కొట్టించింది. పెండ్లి పని చేసినవాళ్ళకందరికీ తాంబూలంతో పాటు ఒక్కొక్కటి ఇచ్చారు. కొత్తకోడలిగా ఆకు, వక్క వాటిలో పెట్టింది తనే.

ఇక ఆగలేక అడిగింది. "నిఖితా, అన్నం పెట్టినామె ఎట్లుండెనో వాళ్ళ నాయన ఏమన్నా చెప్పినాడేమో అడుగు."

"ఇప్పుడదంతా ఏమిటికి?" అన్నాడు శేషయ్య చప్పున.

నిఖిత అప్పటికే అడిగేసింది. ఇనేస్ ముఖం వెలిగింది. ఎవరైనా అడుగుతారనే కాచుకొని ఉన్నట్టు చేతులు తిప్పుతూ చెప్పింది.

"గడ్డం మీద పచ్చబొట్టు చుక్క ఉండెనంట అత్తా. ఒళ్ళో చంటిబిడ్డ. ఆ బిడ్డను పక్కామెకిచ్చి, ఈయన తల తొడ మీద పెట్టుకొని ముద్దలు పెట్టినాదంట."

"చంటిబిడ్డా?" అంది రామక్క. "మీ యమ్మకు అప్పటికి ఎన్నేండ్లప్పా శెట్టీ?"

"పక్కింటోళ్ళ బిడ్డయ్యుంటాది. ఎత్తుకోకూడదా?" అన్నాడు శేషయ్య. గొంతు పెద్దదయింది గానీ బలం తగ్గింది.

ఇనేస్ ఇంకేదో చెప్పింది. నిఖిత తిప్పి చెప్పకుండా అత్త ముఖం వైపు చూసింది.

"ఏమంటాదే?" అన్నాడు శేషయ్య.

"ఏం లేదు మామా..."

"ఉన్నదున్నట్టు చెప్పు," అంది ఆదిలక్ష్మి.

"అన్నం పెట్టేముందు ఆమె కండ్లు మూసుకొని ఏదో చెప్పుకున్నాదంట. వాళ్ళ నాయనకు ఒక్క ముక్క తెలీలేదు. ఆఖరి మాట మాత్రం తెలిసిందంట. చచ్చిపోతాండాననుకున్నోనికి తన భాష వినబడినట్టయిందని ఎప్పుడూ చెప్తాండెనంట."

"ఏం మాట?"

"ఆమేన్."

రైలు పెన్న వంతెన మీదికి వచ్చింది. కింద నీళ్ళు పారుతున్నాయి. కొందరు కిటికీల్లోంచి దండం పెట్టుకున్నారు. శేషయ్యకూ పెట్టుకోవడం అలవాటే, ఈసారి చేతులు లేవలేదు.

"అట్లయితే చర్చికి పోయే మనిషి," అంది రామక్క మెల్లగా.

"ఎస్తేరు," అంది ఆదిలక్ష్మి.

ఆ పేరు దానంతటదే నోట్లోంచి వచ్చింది. గోడౌనులో శెనక్కాయలు వొలవడానికి వచ్చే ఎస్తేరు. గడ్డం మీద పచ్చచుక్క ఉన్న ఎస్తేరు. ఆడబిడ్డ పెండ్లిలో అంట్లన్నీ తోమి, డబ్బా తీసుకొని పోయిన ఎస్తేరు. ఆ తర్వాత చుక్క వాన పడని ఏడు, చంటిబిడ్డను చంకనేసుకొని, మొగునితో కలిసి బెంగుళూరు పనికి రైలెక్కిన ఎస్తేరు.

శేషయ్య భార్య వైపు తిరిగాడు. "డబ్బా మీద మాయమ్మ పేరుండాది. కండ్లు కనపడ్ల్యాదా నీకు?"

"గిన్నె మీదుండేది ఇచ్చినోళ్ళ పేరు గానీ, ఉంచుకున్నోళ్ళది గాదని మీకు తెల్దా? మన పెండ్లికొచ్చిన బిందె మీద మీ మేనమామ పేరుండాది. అట్లని ఆ బిందె ఆయప్పదా?"

"పాపం ఆ పిల్లకు ఇదంతా తెల్దు," అంది రామక్క.

"ఆ పిల్లకు తెల్దు. మనకు తెలుసు గదా," అంది ఆదిలక్ష్మి.

శేషయ్య లేచి నిలబడ్డాడు. ఆయన కోపం ఆదిలక్ష్మికి అలవాటే. ఆయన కండ్లలో అప్పుడు కనబడింది మాత్రం వేరు.

"ఊర్లో మాయమ్మను ఏమనేవాళ్ళో నీకు తెలుసు. పిసినారి సుబ్బరత్నం. మడి కట్టుకొని మనుషుల్ని తరిమే సుబ్బరత్నం. ఆయమ్మ పోయినప్పుడు గూడా వచ్చినోళ్ళు కాఫీ తాగి పోయిరే గానీ, ఒక్కడన్నా మంచి మాట అన్ల్యా. ఇన్నాళ్ళకు ఎవురో సముద్రాలు దాటి వచ్చి మీ యమ్మ పుణ్యాత్మురాలంటే, నువ్వు కాదంటాండావు. నేనేం ఆస్తి అడిగినానా? ఒక్క మంచి మాట. అంతే గదా."

ఆదిలక్ష్మి ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నేండ్ల కాపురంలో ఆయన తల్లి గురించి ఇట్లా మాట్లాడటం ఇదే మొదలు. "అత్తమ్మకు మంచి పేరొస్తే నాకు సంతోషం గాదా? కానీ ఇంకొకరు పెట్టిన అన్నంతోనా? రేపు దీపం పెట్టేటప్పుడు ఆయమ్మ పటం వైపు ఎట్ల చూసేది నేను?"

శేషయ్య ముఖం తిప్పుకున్నాడు. మూటలు దాటుకుంటూ పోయి తలుపు దగ్గర నిలబడి, కడ్డీ పట్టుకొని బయటికి చూడసాగాడు.

ఇనేస్‌కు మాటలు తెలియకపోయినా గొడవ తెలిసింది. నిఖిత చెవిలో అంతా చెప్పింది. ఇనేస్ సంచీలోంచి డబ్బా తీసి ఆదిలక్ష్మి ఒడిలో పెట్టింది. ఎవరికి చెందుతుందో మీరే చెప్పండి అన్నట్టు చూసింది.

ఆదిలక్ష్మి ఫోను తీసింది. ఎస్తేరు కొడుకు సందీప్ గార్లదిన్నెలో ఆటో తోలుతాడు. మొన్న ఉగాదికి సరుకు దింపడానికి అంగడికొచ్చి, పలకరించి నంబరిచ్చి పోయాడు. ఆ రోజు రైల్లో ఉన్న చంటిబిడ్డ వాడేనని ఆమెకు ఇప్పుడు తట్టింది.

"సందీపూ, మీయమ్మ ఇంట్లో ఉండాదా?"

"ఉండాదమ్మా. ఏమి?"

"మేము ప్యాసింజర్లో వస్తాండాం, పెన్న దాటినాం. మీ యమ్మను స్టేషనుకు పిల్చకొస్తావా? మీ ఇంటి వస్తువొకటి ఉండాది, ఇచ్చి పోతాం."

"ఇప్పుడేనా? చీర గూడా మార్చుకోల్యా..."

"ఎట్లుంటే అట్ల తీసుకరా నాయనా. రైలు నిలబడేది ఒక్క గడియ!"

ఫోను పెట్టేసి డబ్బా మూత తీసింది. లోపల ఖాళీ. ఇనేస్ దాన్ని అద్దంలా తోమి తెచ్చింది. ఆదిలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"ఖాళీ గిన్నె తిరిగిచ్చేది యాడన్నా ఉండాదా?" అని, దారికోసం కట్టుకొచ్చిన పెరుగన్నం మూట విప్పింది. ఇనేస్‌నే పెట్టమంది. ఇనేస్ చేత్తో తీసి, మెల్లమెల్లగా, ఒక్క మెతుకు కింద పడకుండా డబ్బా నింపింది. రామక్క తన మూటలోంచి గుప్పెడు శెనక్కాయలు తీసి పక్కన పెట్టింది. "నా తరఫున," అంది.

గార్లదిన్నె. రైలు పూర్తిగా ఆగకముందే ఆదిలక్ష్మి కమ్మీల్లోంచి చూసింది. స్టేషను గేటు బయట ఆటో ఆగింది. సందీప్ చెయ్యి పట్టుకొని ఒక ముసలామె వస్తోంది. జుట్టు తెల్లబడింది, నడుం వంగింది. గడ్డం మీద పచ్చచుక్క మాత్రం అట్లే ఉంది.

"ఎస్తేరూ! ఈడ, ఈడ!"

ఎస్తేరు కిటికీ దగ్గరికొచ్చి ఆయాసపడుతూ నిలబడింది. ఇనేస్ డబ్బాను కమ్మీల మధ్య పెట్టి తోసింది. పట్టలేదు. అడ్డంగా తిప్పింది. పట్టలేదు. తలుపు అక్కడికి నాలుగు అడుగులే గానీ, మధ్యలో శెనక్కాయల మూటలు, బట్టల మూటలు, అప్పుడే ఎక్కుతున్న జనం.

"ఇటీమ్మా," అని రామక్క డబ్బా అందుకొని తలల మీదుగా ముందుకు సాగించింది. "అందుకోండప్పా, ఆ తలుపు పక్కన నిలబడుకున్నాయనకు ఈండి!" డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ, ఎవరిదో ఏమిటో తెలియని మనుషుల మీదుగా పోయి శేషయ్య చేతిలో ఆగింది.

శేషయ్య మూత మీది అక్షరాలను చూశాడు. బొటనవేలితో ఒకసారి తడిమాడు. డబ్బాను సంచీలో వేసుకుంటే అనంతపురంలో సభ, ఫోటో, తల్లికి ఒక మంచి మాట. ఆదిలక్ష్మి కూర్చున్నచోటి నుంచే చూస్తోంది. లోపల నరసింహస్వామిని తలుచుకుంది.

ఆయన కిందికి దిగాడు.

"ఇదో ఎస్తేరమ్మా. నీ డబ్బా. ముప్పై ఏండ్ల కిందట రైల్లో నువ్వు అన్నం పెట్టిన దొర బిడ్డ తెచ్చినాది."

ఎస్తేరు రెండు చేతులతో అందుకుంది. మూత తీసి అన్నం చూసింది, కిటికీలో ఇనేస్‌ను చూసింది. "బతికినాడా ఆయప్ప! బతికినాడా!" అని నవ్వుతూనే కొంగుతో కండ్లు తుడుచుకుంది. కిటికీ తలుపుకు దగ్గరే కాబట్టి ప్రతి మాటా లోపలికి వినబడుతోంది.

"డబ్బా నాదే సిన్నశెట్టీ," అంది ఎస్తేరు. "ఆ పొద్దు అన్నం మాత్రం నాది గాదు."

"మళ్ళీ ఎవురిది?"

"కరువు ఏడులో మాయింట్లో మజ్జిగ యాడిది సామీ? తెల్లారకముందే మీ యమ్మ దొడ్డి వాకిలి తెరిచి, ఈ డబ్బా తెమ్మని, తన చేత్తో కలిపి పెట్టినాది. ఎవురికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాది. నా బిడ్డ మీద. ఆయమ్మే పోయినాక ఇంక దాచేదేముండాది?"

శేషయ్య కదల్లేదు. పెదవులు మాత్రం కదిలాయి. "మాయమ్మా? నీకా? ఏమిటికి?"

ఇంజను వైపు నుంచి కూత వినబడింది. ఎస్తేరు ఆయన భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "రైలు పోతాండాది, ఎక్కు సామీ. అది నిలబడి చెప్పే మాట గాదు."

రైలు కదిలింది. శేషయ్య చెయ్యి ఇంకా తలుపు కడ్డీ మీదే ఉంది. రెండడుగులు రైలుతో పాటు నడిచాడు.

"మామా, ఎక్కు! సభ!" అని నిఖిత అరిచింది.

ఆయన కడ్డీ వదిలేశాడు.

ఆదిలక్ష్మి కమ్మీలకు నుదురు ఆనించి చూసింది. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీకి ఒక చివర ఎస్తేరు కూర్చుంది, రెండో చివర శేషయ్య కూర్చున్నాడు, డబ్బా ఇద్దరి మధ్యా ఉంది. ఎస్తేరు ఏదో చెప్పడం మొదలుపెట్టింది. శేషయ్య తల వంచుకొని వింటున్నాడు. చూస్తుండగానే శేషయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆ దూరం నుంచి తెలియలేదు.

పక్కన ఇనేస్ ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకొని, రామక్క భుజం మీదికి వాలిపోయి, నిఖితతో ఒక్క మాట అంది.

"ఏమంటాదమ్మా?" అంది రామక్క.

"వాళ్ళ నాయన బాకీ తీరిపోయిందంట."